ఒక పందికొక్కును పట్టిస్తే అదే కన్నంలోకి ఇంకొకటి ఎందుకొస్తుంది? ఎలుకలకూ పిట్టలకూ నిజంగా హద్దులుంటాయా?

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. ఒకటి: దాళ్వా (రెండో పంట) వరిలో గట్టు మీదున్న పందికొక్కును, ఎలుకల్ని పట్టే బుట్టలు పెట్టేవాళ్ళతో పట్టించారు. పదిరోజులు తిరక్కుండానే అదే కన్నం ముందు కొత్త మట్టి పడింది. అది వేరే ఎలుకా, తప్పించుకున్న పాతదా? రెండు: ఆ గట్టు పక్కనే తుమ్మచెట్టు మీద గూడు పెట్టిన పసుల పోలిగాడు కాకినీ గద్దనూ వెంటపడి తరుముతుంది, కానీ అదే చెట్టులో గూడు కట్టుకున్న గువ్వను ఏమీ అనదు. వీటికి నిజంగా హద్దులే ఉంటే, గిజిగాళ్ళూ పిచ్చుకలూ అంత గుంపుగా ఎలా బతుకుతున్నాయి?

ముందు సూటిగా చెప్పేస్తాను. బుట్టలో పడింది పడినట్టే, ఇప్పుడు వచ్చింది వేరే ఎలుక. మంచి చోటు ఖాళీ అయింది కాబట్టే వచ్చింది. హద్దులు నిజంగానే ఉంటాయి. కానీ అన్ని జంతువులకూ ఉండవు, ఉన్నవాటికి కూడా ఏడాది పొడవునా ఉండవు. కాపలాకు పెట్టే ఖర్చు కన్నా ఆ చోటు వల్ల వచ్చే లాభం ఎక్కువైనప్పుడే ఏ జంతువైనా హద్దు పెట్టుకుంటుంది. మీ పోలిగాడు గువ్వను వదిలేయడానికీ, గిజిగాళ్ళు గుంపుగా ఉండడానికీ కారణం ఇదే.

నేను గోదావరి డెల్టా వరి పొలాల్లో ఎలుకల నివారణ మీద చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నాను. పక్షుల్ని చూడడం ఆ పనితోపాటే అలవాటైంది, ఎందుకంటే తెల్లవారుజామున గట్టు మీద నిలబడేవాడికి రెండూ కలిసే కనిపిస్తాయి. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

తిరిగే చోటు వేరు, కాపాడుకునే చోటు వేరు

ఈ తేడా తెలియకపోతే మిగతాదంతా గందరగోళంగా ఉంటుంది. ఒక ఎలుక రాత్రంతా తిండి కోసం తిరిగే మేర మొత్తం దాని సంచార పరిధి. అందులో ఇంకొకదాన్ని రానివ్వకుండా కాపాడుకునే భాగం మాత్రమే దాని హద్దు. క్షీరదాల విషయంలో ఈ రెండింటినీ స్పష్టంగా విడదీసి చెప్పినవాడు అమెరికా శాస్త్రవేత్త విలియం బర్ట్, 1943లో. పక్షుల హద్దుల గురించి అంతకుముందే, 1920లో, ఇంగ్లండుకు చెందిన ఇలియట్ హోవర్డ్ ఒక పుస్తకమే రాశాడు. మగపిట్ట పాడేది ఆడపిట్ట కోసమే కాదనీ, పక్క మగపిట్టకు హెచ్చరిక కూడాననీ గట్టిగా వాదించినవాళ్ళలో ఆయన ముఖ్యుడు.

పందికొక్కుకు ఈ రెండూ చాలా విడిగా ఉంటాయి. రాత్రి అది మీ మడిలోకీ, పక్కవాళ్ళ మడిలోకీ, కాలవగట్టు మీదికీ తిరుగుతుంది. అక్కడ ఇంకో పందికొక్కు కూడా తిరుగుతూ ఉండొచ్చు. కానీ కన్నం మాత్రం దాని సొంతం.

పందికొక్కు కన్నంలో ఏముంటుంది

ఎప్పుడైనా కన్నాన్ని పూర్తిగా తవ్వించి చూడండి, మీ ప్రశ్నకు సగం జవాబు అక్కడే దొరుకుతుంది. పైన మట్టికుప్ప, దాని కింద మట్టితో మూసేసిన నోరు. లోపల రెండు మూడు దారులు చీలి ఒకదాంట్లో ఒకటి కలుస్తాయి. ఒక అరలో చీల్చిన వరిగడ్డితో పరుపు ఉంటుంది. ఇంకో అరలోనో, రెండు మూడు అరల్లోనో వరికంకులు దొంతరగా పేర్చి ఉంటాయి, అన్నీ దాదాపు ఒకే పొడవున కొరికినవి. కోతల సమయంలో అయితే కిలోలకొద్దీ ధాన్యం దొరుకుతుంది. పూర్వం ఎంతోమంది పేదలు కోతలైన పొలాల్లో కన్నాలు తవ్వుకుని ఆ గింజలతో కొన్నాళ్ళు పొయ్యి వెలిగించుకునేవాళ్ళు. ఇంకో చివర, గట్టు అవతలి వైపుకు, పైన పల్చగా మట్టి కప్పిన దొడ్డిదారి ఒకటి ఉంటుంది. ముంగిసో పామో లోపలికి వస్తే పైమట్టిని తలతో నెట్టుకుని బయటపడే దారి అది.

ఇంత పెద్ద ఇంట్లో పెద్ద ఎలుక ఒక్కటే ఉంటుంది. లేదా ఒక తల్లి, దాని పిల్లలు. మగదీ ఆడదీ కలిసి కనిపించేది జతకట్టే రోజుల్లోనే. రెండు పెద్ద మగవాటిని ఒకే బోనులో పెడితే ఏమవుతుందో చూసినవాళ్ళకు ఇంకేం చెప్పక్కర్లేదు. వీపు మీది వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి, పందిలా గుర్రుమంటాయి, చావో బతుకో అన్నట్టు కొట్టుకుంటాయి.

ఎందుకింత పంతం? దాచుకున్న తిండి ఉంది కాబట్టి. కన్నం తవ్వడానికి రాత్రులకు రాత్రులు పట్టింది కాబట్టి. పైగా ఇదంతా ఒక్కచోటే ఉంది కాబట్టి, ఒక్క ఎలుక కాపాడుకోగలదు. మడిలో పరుచుకున్న పైరును మాత్రం ఏ ఎలుకా కాపాడలేదు, కాపాడాల్సిన అవసరమూ లేదు. చుట్టూ కావలసినంత ఉంది. అందుకే కన్నానికి హద్దుంది, పైరుకు హద్దు లేదు.

కాపలా గిట్టుబాటు లెక్క

ఈ ఆలోచనకు ఒక రూపం ఇచ్చినవాడు జెరామ్ బ్రౌన్, 1964లో. తిండి మరీ తక్కువైతే కాపలా కాసినా కడుపు నిండదు. మరీ ఎక్కువైతే కాపలా దండగ. ఈ రెంటికీ మధ్యలోనే హద్దులు పుడతాయి.

దీన్ని అంకెల్లో చూపించింది తేనెపిట్టల మీద కెన్యాలో జరిగిన పరిశోధన. ఫ్రాంక్ గిల్, లారీ వుల్ఫ్ అనే ఇద్దరు 1975లో ప్రచురించారు. ఆ తేనెపిట్టకు ఊరికే కూచుంటే గంటకు సుమారు 400 కేలరీలు (మన తిండి లెక్కల్లోని కిలోకేలరీలు కావు, అందులో వెయ్యో వంతువి) ఖర్చవుతాయి, పూలమీద వాలి తేనె తాగుతూ తిరిగితే 1000, ఇంకో పిట్టను తరమడానికి 3000. తరమడం అంత ఖరీదైన పని. అయినా ఎందుకు తరుముతుంది? వేరేవాళ్ళు తాగని పువ్వులో తేనె ఎక్కువ ఉంటుంది. పువ్వులో ఎక్కువ ఉంటే తక్కువసేపు తిరిగినా కడుపు నిండుతుంది, మిగతా సమయం కూచోవచ్చు. ఆ ఆదా తరిమిన ఖర్చును మించితేనే పిట్ట హద్దు పెట్టింది. చుట్టూ అన్ని పూలలోనూ తేనె బాగా ఉన్నప్పుడు వదిలేసింది.

మన పెరట్లో మందార చెట్ల దగ్గర ఊదారంగు తేనెపిట్టను గమనించండి. కొన్నాళ్ళు ఇంకో తేనెపిట్టను దగ్గరికి రానివ్వదు. ఊరంతా పూలు విరగబూసినప్పుడు అదే పిట్ట ఇంకో నాలుగింటితో కలిసి తాగుతుంది. దాని స్వభావమేం మారలేదు, గిట్టుబాటు మారింది. "ఈ పిట్ట కోపిష్టి, ఆ పిట్ట సాధువు" అని జాతికి గుణం అంటగట్టే మాటలు చాలా వింటుంటాను. అవి సరికాదు.

ఖాళీ చోటు ఖాళీగా ఉండదు

ఇక మీ అసలు సమస్య. హద్దు పెట్టుకుని బతికే ప్రతి జంతువు వెనకా, మనకు కనిపించని ఇంకో వర్గం ఉంటుంది. చోటు దొరకనివి. పిల్లలు పెద్దవై తల్లి కన్నం వదిలి బయటపడినవి, పోట్లాటలో ఓడినవి. మన దగ్గర ఇవి కాలవగట్ల మీద, రోడ్డు పక్క తుప్పల్లో, గడ్డివాముల కింద, కొబ్బరితోటల అంచుల్లో గడుపుతాయి. రోజూ రాత్రి తిరుగుతూ వాసన చూస్తూ ఉంటాయి. మంచి ఇల్లు అద్దెకు ఖాళీ అయితే బోర్డు పెట్టకముందే ఊళ్ళో అందరికీ తెలిసిపోతుంది చూడండి, కన్నం సంగతీ అంతే. పాతదాని వాసన ఆరిపోతున్న కొద్దీ కొత్తది ధైర్యం చేస్తుంది. తవ్వే శ్రమ లేదు, లోపల దాచిన గింజలు కూడా ఉన్నాయి.

ఇది నా ఒక్కడి మాట కాదు. అమెరికాలో మెయిన్ రాష్ట్రంలో ఒక 40 ఎకరాల అడవిలో 1949లో ఒక ప్రయోగం చేశారు. చెట్లను తినే ఒకరకం పురుగును పిట్టలు ఎంతవరకు అదుపు చేస్తున్నాయో తెలుసుకోవాలని, ఆ అడవిలోని పిట్టల్ని కాల్చి తీసేయడం మొదలుపెట్టారు. ఈ రోజుల్లో ఎవరూ ఒప్పుకోని పద్ధతి అది, ఒప్పుకోకూడదు కూడా. కానీ తేలిన విషయం మాత్రం మరువలేనిది. మొదట్లో అక్కడ హద్దులు పెట్టుకున్న మగపిట్టలు 150కి లోపే. కాల్చినవి దానికి రెట్టింపు పైన. ఒకటి పోయేసరికి ఇంకొకటి వచ్చి అక్కడే పాడడం మొదలుపెట్టింది. అన్ని పిట్టలు చోటు లేక బయట తిరుగుతున్నాయని అలా తేలింది.

ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ దగ్గరి వైతమ్ అడవిలో జాన్ క్రెబ్స్ చేసిన పనిలోనూ ఇదే తేలింది, 1971లో ప్రచురించాడు. అడవిలో గూడుకట్టిన గ్రేట్ టిట్ అనే చిన్న పిట్టల జంటల్ని తీసేస్తే, అడవి బయట పొలాల కంచెల్లో గూడు పెట్టుకున్న పిట్టలు రోజుల్లోనే ఆ చోటికి వచ్చేశాయి. కంచెలో పిల్లల్ని పెంచడం కష్టం, అడవిలో తేలిక. ఆ పిట్టలు కంచెలో ఉండడం వాటి ఇష్టం కాదు, గతి లేక.

ఎలుకల విషయంలో 1940లలో అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో డేవిడ్ డేవిస్, ఆయన తోటివాళ్ళు చేసిన పని మన రైతులకు ఇంకా దగ్గరగా ఉంటుంది. వీధుల్లో ఎలుకల్ని బోనులతో తీసేస్తే కొన్ని నెలల్లో మళ్ళీ అదే సంఖ్యకు చేరాయి. చెత్త తీసేసి, దాక్కునే చోట్లు మూసేసినప్పుడు మాత్రం తగ్గి, అలాగే తగ్గి ఉన్నాయి. ఎలుకల సంఖ్యను తేల్చేది మీరు ఎన్ని చంపారన్నది కాదు, అక్కడ ఎన్నింటికి చోటుందన్నది.

ఆ రోజుల్లోనే అదే ప్రాంతంలో జాన్ కాల్హూన్ పావు ఎకరం కంచె వేసి అందులో అడవి ఎలుకల్ని వదిలాడు. తిండికి లోటు లేదు, శత్రువులు లేరు. లెక్కప్రకారం వేలల్లో పెరగాలి. రెండేళ్ళు దాటినా 150 దగ్గరే ఆగిపోయాయి. బలమైనవి కన్నాల దగ్గరి మంచి చోట్లు పట్టుకుని పిల్లల్ని బాగా పెంచాయి. బలహీనమైనవి అంచుల్లో కిక్కిరిసి, ఒకదాన్నొకటి కొరుక్కుంటూ, పిల్లల్ని దక్కించుకోలేకపోయాయి. వాటిని ఆపింది ఆకలి కాదు, చోటు కోసం జరిగే పోరాటమూ, దానివల్ల పడే ఒత్తిడీ.

హద్దు గోడ కాదు, సమాచారం

రోజూ కొట్టుకుంటూ ఉంటే ఏ జంతువూ బతకదు. అందుకే హద్దులో నూటికి తొంభై పాళ్ళు సంకేతాలతోనే నడుస్తుంది. పిట్టలకు పాట, ఎలుకలకు మూత్రం.

క్రెబ్స్ 1977లో ప్రచురించిన ఇంకో పని నాకు చాలా ఇష్టం. మగపిట్టల్ని తీసేసి, కొన్ని ఖాళీ హద్దుల్లో స్పీకర్లు పెట్టి ఆ పిట్ట పాటనే వినిపించాడు, కొన్నింటిని నిశ్శబ్దంగా వదిలేశాడు. నిశ్శబ్దంగా ఉన్నవి ముందు ఆక్రమించబడ్డాయి. స్పీకరు పాడుతున్నంతసేపు కొత్తవి వెనకాడాయి. పిట్ట లేదు, పాట ఒక్కటే కాపలా కాసింది.

ఎలుకల సంగతి ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. 1973లో ఇంటి చిట్టెలుకల మీద జరిగిన ఒక ప్రయోగంలో, బోనులో కింద పరిచిన కాగితాన్ని అతినీలలోహిత కాంతిలో చూశారు. గెలిచిన మగ ఎలుక కాగితం నిండా, అంచు నుంచి అంచు దాకా, వందల చుక్కలు పెట్టింది. ఓడిన మగది మూలల్లో మాత్రం కొన్ని మడుగులు చేసింది. పెత్తనం ఎవరిదో ఆ కాగితం చూస్తేనే తెలిసిపోతుంది. ఎలుక మూత్రంలో కొన్ని ప్రత్యేకమైన ప్రోటీన్లు ఉంటాయి. అవి వాసన ఒక్కసారిగా ఎగిరిపోకుండా పట్టి ఉంచి నెమ్మదిగా వదులుతాయి. అందుకే గుర్తు పెట్టి వెళ్ళిపోయాక కూడా అది మాట్లాడుతూనే ఉంటుంది. కానీ అలా ఎల్లకాలం ఉండదు, మళ్ళీ మళ్ళీ పెట్టాలి. మీరు పట్టించిన పందికొక్కు గుర్తులు ఆరిపోవడం మొదలైన రోజు నుంచే కొత్తదానికి కబురు అందుతుంది.

పొరుగువాళ్ళ విషయం కూడా చెప్పాలి. హద్దు పక్కహద్దు జంతువులు ఒకదానికొకటి అలవాటు పడతాయి. కెనడాలో బ్రూస్ ఫాల్స్, రొనాల్డ్ బ్రూక్స్ తెల్లగొంతు పిచ్చుకల మీద ఇది పరీక్షించారు. పొరుగు పిట్ట పాటను మామూలుగా వచ్చే దిక్కు నుంచి వినిపిస్తే పెద్దగా పట్టించుకోలేదు. కొత్త పిట్ట పాట వినిపిస్తే మండిపడ్డాయి. అదే పొరుగు పిట్ట పాటను రాకూడని దిక్కు నుంచి వినిపించినా మండిపడ్డాయి. అంటే ఎవరు పాడుతున్నారన్నదే కాదు, ఎక్కడ నిలబడి పాడుతున్నారన్నది కూడా గుర్తుంచుకుంటాయి.

దీనివల్ల పొలంలో జరిగేది ఒకటుంది. స్థిరపడిన ఎలుకల్ని అక్కడక్కడా ఒక్కొక్కటిగా తీసేస్తుంటే, పాత పొరుగుల మధ్య ఉన్న సర్దుబాటు చెడి, కొత్తవి వస్తూ పోతూ మళ్ళీ హద్దులు తేల్చుకునే పనిలో పడతాయి. అలాంటి మడుల్లో కొత్త కన్నాలు, సగంలో వదిలేసిన తవ్వకాలు ఎక్కువగా కనిపించడం నేను చాలాసార్లు చూశాను.

పోలిగాడు గువ్వను ఎందుకు వదిలేసింది

పసుల పోలిగాడికి మూడు రకాల లెక్కలున్నాయి. ఇంకో పోలిగాడు వస్తే తిండికీ జతకూ పోటీ, కాబట్టి గూడు కట్టే కాలంలో చాలా దూరం నుంచే తరుముతుంది. కాకి, గద్ద, డేగ, చెట్టెక్కే పాము గుడ్లకూ పిల్లలకూ ప్రమాదం, కాబట్టి గూటి చుట్టుపక్కలకు రానివ్వదు. గువ్వ గింజలు తింటుంది, పోలిగాడు పురుగులు తింటుంది. గువ్వ గుడ్లు తినదు. తరిమితే ఖర్చు తప్ప లాభం లేదు. మనుషుల్లో చెప్పుకునే దయ కాదిది, కానీ గువ్వకు మాత్రం దయకన్నా ఎక్కువే దక్కుతోంది. పోలిగాడు గూడున్న చెట్టులో గువ్వలు, వంగపండు పిట్టలు, బుల్‌బుల్‌లు కావాలనే గూడు పెట్టుకుంటాయి. కాకి ఆ చెట్టు జోలికి రాదు కదా.

గూళ్ళ కాలం అయిపోయాక ఈ హద్దు సడలిపోతుంది. చలికాలంలో సాయంత్రం పూట బోలెడు పోలిగాళ్ళు ఒకే వెదురుపొదలోనో చెరకుతోటలోనో నిద్రకు చేరతాయి. పగలు పశువుల వెంట, దుక్కి దున్నే ట్రాక్టరు వెంట నాలుగైదు కలిసి కనిపిస్తాయి.

రైతులకు ఇక్కడ ఒక మాట. అపరాల్లో, పత్తిలో పురుగుల కోసం పక్షులు వాలడానికి టీ ఆకారం కర్రలు పెట్టమని చెప్తాం. తప్పకుండా పెట్టండి. కానీ గూళ్ళ కాలంలో కర్రలు రెట్టింపు చేస్తే పోలిగాళ్ళు రెట్టింపు కావు. అక్కడున్న జంట ఇంకోదాన్ని రానివ్వదు. ఆ జంటకే వేటాడే చోట్లు ఎక్కువవుతాయి, ఆ లాభం చాలు. జంటలు పెరగాలంటే గట్ల మీద చెట్లుండాలి. తుమ్మచెట్టు నీడ పడుతుందని కొట్టేసే ముందు ఇది ఒకసారి ఆలోచించండి.

తెల్లముఖం గుడ్లగూబ దీనికి పూర్తిగా వేరు. అది గూటి చుట్టుపక్కల తప్ప వేటాడే పొలానికి హద్దు పెద్దగా పెట్టదు, ఒకదాని వేట పరిధిలో ఇంకొకటి వేటాడుతుంది. మలేసియా పామాయిల్ తోటల్లో చెక్కపెట్టెలు వరసగా నిలబెట్టి దగ్గర దగ్గరగా వీటి జంటల్ని పెంచగలుగుతున్నారంటే కారణం ఇదే. ఎలుకల్ని తినడంలో దానికి సాటి పిట్ట లేదు. దాన్ని చావుపిట్ట అని రాళ్ళేసి కొట్టే ఊళ్ళు ఇంకా ఉన్నాయి. నాకు ఇది నిజంగా బాధ కలిగించే విషయం.

గుంపుగా ఉండేవాటికి హద్దులు లేవా?

ఉన్నాయి, కానీ వేరే చోట ఉన్నాయి. గిజిగాడు తినేది గింజలు. అవి ఇవాళ ఇక్కడ, రేపు ఇంకోచోట పండుతాయి. ఎంత పెద్ద గుంపు తిన్నా ఆ చేలో మిగులుతాయి. కాపాడేదేముంది? దొరకనిది మాత్రం నీళ్ళమీదికి వంగిన మంచి ఈతకొమ్మ, తాటాకు కొస. అందుకే మగ గిజిగాడు కాపాడుకునేది గూడు వేలాడే ఆ జానెడు చోటే. పక్క గూటివాడు ఒక అడుగు దూరంలో ఉన్నా పట్టదు, తన కొమ్మమీద వాలితే, తన గూటి నారలు లాగితే మాత్రం గొడవే. మగది గూడు సగం కట్టి ఆపుతుంది. ఆడది వచ్చి చూసి దానికి నచ్చితే, మగది ఆ సగాన్ని పూర్తిచేసి, ఇంకో గూడు మొదలుపెట్టి ఇంకో ఆడదాన్ని పిలుస్తుంది. గిజిగాళ్ళ ఈ కాపరాన్ని 1930 ప్రాంతంలో ఓపిగ్గా గమనించి రాసినవాడు మన సలీం అలీ.

సెవెన్ సిస్టర్స్ అని పిలిచే బూడిదరంగు గుంపుపిట్టలది ఇంకో పద్ధతి. అక్కడ హద్దు గుంపంతటిదీ. రెండు గుంపులు ఎదురుపడితే అన్నీ కలిసి అరుస్తాయి, అప్పుడప్పుడు కాళ్ళు పెనవేసుకుని నేలమీద దొర్లుతాయి కూడా. లోపల మాత్రం ఒకదాని ఈకలు ఇంకొకటి సవరిస్తుంది, ఒకటి మేస్తుంటే ఇంకొకటి కాపలా ఉంటుంది, ఒక జంట పిల్లలకు గుంపులో మిగతావి కూడా పురుగులు తెచ్చి పెడతాయి. సొంతంగా హద్దు సంపాదించడం కష్టమైనచోట, ఉన్న ఇంట్లోనే ఉండి అక్కాతమ్ముళ్ళను పెంచడం నష్టమేం కాదు.

ఎలుకల్లోనూ ఈ రకాలన్నీ ఉన్నాయి. పందికొక్కు ఒంటరి. మెత్తటి బొచ్చుండే పొలం ఎలుక జంటగానో చిన్న కుటుంబంగానో దొరుకుతుంది. ఇంటి చిట్టెలుకల్లో ఒక పెద్దమగ, కొన్ని ఆడవి, వాటి కింద ఓడిన మగవి. ఆఫ్రికాలో బొచ్చులేని ఒక ఎలుకజాతి చీమల్లా భూమిలోపల పెద్ద గుంపుగా బతుకుతుంది, పిల్లల్ని కనేది ఒక్క రాణి మాత్రమే. 1981లో జెన్నిఫర్ జార్విస్ ఇది బయటపెట్టేదాకా క్షీరదాల్లో అలాంటిది ఉంటుందని ఎవరూ చూపించలేదు.

గుంపులో ఉండే ఎలుకల గురించి మందు పెట్టేవాళ్ళు తప్పక తెలుసుకోవాల్సినది ఒకటుంది. 1980లలో బెన్నెట్ గాలెఫ్ చూపించాడు: ఒక ఎలుక ఏదైనా కొత్తది తిని వస్తే, దాని నోటి వాసన చూసిన ఇంకో ఎలుక ఆ తిండినే ఇష్టపడుతుంది. పక్కన ఇంకోటి ఉన్నా సరే. కాబట్టి మందు కలపని ఎరను ఒకటి రెండు రోజులు ముందు పెట్టి అలవాటు చేయమనడం చాదస్తం కాదు. జింకు ఫాస్ఫైడు లాంటి వెంటనే పనిచేసే మందును అలవాటు చేయకుండా పెడితే, కొంచెం తిని కడుపునొప్పితో బతికి బయటపడ్డ ఎలుక ఇక ఆ ఎర జోలికి రాదు.

మరి మీరు ఏం చేయాలి

ఒంటరిగా మీ గట్టు ఒక్కటీ శుభ్రం చేసుకుంటే, చుట్టుపక్కల చోటు లేని ఎలుకలన్నింటికీ మీ గట్టు ఖాళీ ఇల్లవుతుంది. మీ ఆయకట్టులో రైతులందరూ ఒకేరోజు చేయాలి, కాలవగట్టూ బంజరూ కలుపుకుని. సామూహిక నివారణ అని వ్యవసాయశాఖ ఏళ్ళ తరబడి చెప్పేది ఇందుకే. నేను పనిచేసిన ఊళ్ళలో ఇలా కలిసి చేసినచోట ఆ పంటకాలం గట్టెక్కింది. ఒకరిద్దరు మానేసిన చోట వాళ్ళ గట్ల నుంచే మళ్ళీ మొదలైంది.

నాట్లు కుదురుకుని పిలకలు వేసే దశలోనే చేయండి. పొట్టదశ వచ్చాక తిండి పెరిగి ఎలుకలు ఈనడం మొదలుపెడతాయి, ఎర కన్నా పైరే రుచిగా ఉంటుంది. ఈతకు ఆరేడు పిల్లలు మామూలే, మూడు వారాల పైచిలుకులో ఇంకో ఈత సిద్ధమవుతుంది.

మొదటిరోజు సాయంత్రం కన్నాలన్నీ మట్టితో మూసేయండి. మర్నాడు పొద్దున తెరుచుకున్నవాటిలోనే ఎలుక ఉన్నట్టు. వాటిలోనే ఎర పెట్టండి. బ్రోమోడయోలోన్ అనే ఎలుకల మందు అయితే 96 పాళ్ళు నూకలు, 2 పాళ్ళు నూనె, 2 పాళ్ళు 0.25 శాతం మందు కలిపి, 10 నుంచి 15 గ్రాముల పొట్లాలు కట్టి కన్నం లోపలికి తోయండి. గట్టు మీద బయట వేయకండి. చేతికి తొడుగు వేసుకోండి, పిల్లల్నీ కోళ్ళనూ దూరంగా ఉంచండి. చచ్చిన ఎలుకల్ని ఏరి లోతుగా పాతిపెట్టడం మాత్రం అస్సలు మానకండి. ఈ మందు తిన్న ఎలుకను గుడ్లగూబ తింటే గుడ్లగూబ కూడా చచ్చే ప్రమాదం ఉంది. గుడ్లగూబలు ఎక్కువున్న చోట నేనైతే బుట్టలకే మొగ్గుతాను, అదీ అందరి పొలాల్లో ఒకేసారి.

ఇక ఎక్కువకాలం నిలిచేది గట్టు పని. వెడల్పాటి గట్టు ఉంటేనే పందికొక్కు అన్ని అరల ఇల్లు కట్టగలదు. గట్టును ఒక అడుగు వెడల్పుకు తగ్గించి, కలుపు లేకుండా చెక్కి, పాత కన్నాలు ఊరికే పూడ్చకుండా చివరిదాకా తవ్వి కూల్చేస్తే, వచ్చే కొత్త ఎలుకకు అక్కడ ఆశపడేది ఏమీ ఉండదు. మీరు బుట్టతో ఎలుకను తీశారు గానీ ఇంటిని అలాగే వదిలేశారు. ఈసారి ఆ కన్నాన్ని తవ్వించండి.

ఇంకో రెండు వివరాలు తెలిస్తే ఇంకా కచ్చితంగా చెప్పగలను. కన్నం ముందు మట్టి పెద్ద కుప్పగా ఉండి నోరు మూసి ఉందా, లేక నోరు తెరిచే ఉండి పక్కన సన్న మట్టి పల్చగా ఉందా? మొదటిదైతే పందికొక్కే, రెండోదైతే చిట్టెలుక కావచ్చు. అలాగే మీ గట్టుకు అవతల ఉన్నది కాలవా, రోడ్డా, కొబ్బరితోటా అన్నది కూడా రాయండి. కొత్తవి ఎటునుంచి వస్తున్నాయో దాన్నిబట్టి, ముందు ఎవరితో మాట్లాడి కలుపుకోవాలో చెప్తాను.